పలక పట్టుకున్న ఫోటో

నా దగ్గర ఒక పింగాణీ మగ్గు ఉంది. దాని మీద అల్ కపోన్ ఫోటో, పోలీసులు తీసిన రకం. ఆఫీసులో క్రిస్మస్‌కి చీటీలు తీసి బహుమతులిచ్చుకునే ఆటలో వచ్చింది. నాకు గ్యాంగ్‌స్టర్ సినిమాల పిచ్చి ఉందని టీమ్ అందరికీ తెలుసు. లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ సర్దుకుని సోంపేట వచ్చేసినప్పుడు ఈ మగ్గూ నాతోపాటు వచ్చింది.

ఓ పొద్దున్న అమ్మమ్మ అందులో టీ పోస్తూ ఆగింది.

"ఎవులురా ఈ బాబు? డాకటేరులాగున్నాడు."

"డాక్టర్ కాదే. అమెరికాలో గవర్నమెంటు మందు బంద్ చేస్తే దొంగచాటుగా అమ్మినోడు."

అమ్మమ్మ మగ్గు గట్టు మీద పెట్టేసింది. "మీ చినమావలాగన్నమాట" అని లోపలికెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

కపోన్ కథ సినిమాలవల్ల మనకి కొంత తెలుసు. 1899 జనవరి 17న బ్రూక్లిన్‌లో పుట్టాడు. సరిగ్గా అతని ఇరవై ఒకటో పుట్టినరోజు నాడు, 1920 జనవరి 17న, అమెరికాలో మద్యనిషేధం అమల్లోకొచ్చింది. చట్టం మందుని ఆపింది గానీ దాహాన్ని ఆపలేకపోయింది. ఆ దాహమే షికాగోలో అతని వ్యాపారమైంది. 1929 ఫిబ్రవరి 14న అక్కడ ఒక గరాజ్‌లో ఏడుగుర్ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. వేళ్ళన్నీ కపోన్ వైపే చూపించాయి, కేసు మాత్రం ఎవరి మీదా నిలవలేదు. ఆ మరుసటి ఏడాది, ఆర్థికమాంద్యంలో, అతనే నిరుద్యోగులకి ఉచితంగా సూప్ పోయించాడు. పత్రికలకి అదీ వార్తే. ఎడమ చెంప మీద గాటు కనబడకుండా ఫోటో దిగడం అతనికి అలవాటు. ఆ గాటు యుద్ధంలో తగిలిందని చెప్పుకునేవాడు. నిజానికి అతను ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. బార్‌లో ఒకడి చెల్లెల్ని ఏదో అంటే ఆ అన్న కత్తితో గీశాడు.

అంటే తన బొమ్మ ఎలా కనబడాలో అతను ముందునించీ చూసుకున్నాడు. ఇవాళ నా మగ్గు మీదున్నది ఒక రకంగా ఆ శ్రద్ధకి ఫలితమే.

ఇప్పుడు మన సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా పోయింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరిలో అది అమల్లోకొచ్చింది. రెండేళ్ళు తిరిగాక, 1997లో, ఖజానా తట్టుకోలేకపోతోందని చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. అమెరికాలో పదమూడేళ్ళు పట్టిన కథ ఇక్కడ రెండేళ్ళలో అయిపోయింది. మన నిషేధాన్ని అడిగి తెచ్చుకున్నది, తాగొచ్చిన మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు. నిషేధాన్ని తెలివితక్కువ పనిగా కొట్టిపారేసే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

సోంపేట నించి రైలెక్కితే కాసేపట్లో ఇచ్ఛాపురం. అది దాటితే ఒడిశా. బరంపురంలో దుకాణాలు తెరిచే ఉండేవి. ఉద్దానంలో జీడి, కొబ్బరి తప్ప పెద్ద పనుల్లేవు. అలాంటిచోట సరిహద్దుకి అటు ఒక ధర, ఇటు ఇంకో ధర ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు.

చినమావయ్యకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. కొబ్బరికాయల గోనెల్లో సీసాలు పెట్టి తెచ్చేవాడు. సరుకు ఆయనది కాదు, మోత కూలి మాత్రం ఆయనది. ఒకరోజు దొరికిపోయాడు. గోనెలో ఆరు సీసాలు. సరుకు యజమాని ఊళ్ళోనే ఉన్నాడు, అతని జోలికెవరూ పోలేదు. మావయ్య చేతికి సుద్దతో పేరు రాసిన పలక ఇచ్చి ఫోటో తీశారు. కేసు కొన్నేళ్ళు నడిచి పోయింది. పేరు ముందు "సీసాల" అన్న ముక్క మాత్రం పోలేదు. రెండు సంబంధాలు దాని మూలంగా తప్పిపోయాయి. ఆయన విశాఖ వెళ్ళి వెల్డింగ్ పనిలో కుదురుకున్నాడు. సంక్రాంతికి వచ్చినా రెండు రోజులకంటే ఉండడు.

ఇలా ముఖం ఎదురుగా ఒకటి, పక్కనించి ఒకటి ఫోటో తీసే పద్ధతిని 1880లలో పారిస్ పోలీసు ఉద్యోగి బెర్తియాఁ స్థిరపరిచాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. మనిషి మారినా, ఊరు మారినా, అతన్ని మళ్ళీ పట్టుకోవడమే ఈ ఏర్పాట్ల ఉద్దేశం. డబ్బూ పేరూ ఉన్నవాడి ఫోటో కాలం గడిచేకొద్దీ అలంకారమైపోయింది. చినమావయ్య ఫోటో ఏ బీరువాలో ఉందో తెలీదు. కానీ దాన్ని ఒక్కసారీ చూడని వాళ్ళు కూడా ఊళ్ళో ఆయన్ని ఆ ఫోటోతోనే గుర్తుపట్టారు.

మొన్న సంక్రాంతికి మావయ్య వచ్చాడు. మగ్గు నేను దాచాను, అమ్మమ్మే తీసి టీ పోసి ఇచ్చింది. ఆయన బొమ్మని తిప్పి చూసి ఎవరని అడిగాడు. చెప్పాను.

"ఎన్నాళ్ళేశార్రా?"

"1931లో పదకొండేళ్ళు వేశారు. ఏడున్నర చిల్లర లోపలున్నాడు, కొంతకాలం అల్కట్రాజ్‌లో. ఖైదీ నంబరు 85."

"మందు కేసులోనా?"

"కాదు మావయ్యా. ఆ కేసూ పెట్టారు గానీ విచారణకి రాలేదు. ఇన్‌కమ్ టాక్స్ కట్టలేదని వేశారు."

మావయ్య కాసేపు ఏమీ అన్లేదు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు, కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"ఓరి, ఊరంతటికీ మందు పోసినోడికి మందు కేసు పడలేదా! నాకు ఆరు సీసాలకి పడిందిరా."

టీ మొత్తం తాగాడు. లేచి, మగ్గు తనే కడిగి బోర్లించాడు. ఈసారి నాలుగు రోజులున్నాడు.

మగ్గు ఇంకా సోంపేటలోనే ఉంది. హైదరాబాద్‌కి తిరిగి తీసుకెళ్ళాలనిపించలేదు.