యూదుల గెనీజా

కాలికి పుస్తకము తగిలినచో కన్నుల కద్దుకొనుట మనకు ఉగ్గుపాలతో అబ్బిన మర్యాద. ఆ పుస్తకమే చెదపట్టి, అక్షరము మాసి, చదువుటకు పనికిరాక పోయినప్పుడు ఏమి చేయవలెను? మనలో పెక్కుమంది నదిలో విడుతురు. యూదులు అట్లు చేయరు. వారి ఆచారము వేఱు. ఆ ఆచారమువలన చరిత్రకు అనుకోకుండ కలిగిన లాభమును గూర్చి మీకు విన్నవింపదలచితిని.

యూదుల మూలగ్రంథము తోరా. క్రైస్తవుల బైబిలులో మొదటి అయిదు కాండములును అదియే. ప్రార్థనామందిరమున పఠించు ప్రతిని నేటికిని అచ్చువేయరు. శుద్ధమని శాస్త్రము చెప్పిన జంతువుల చర్మముపై, శిక్షణ పొందిన లేఖకుడు హీబ్రూ లిపిలో చేతితో వ్రాసి, చుట్టగా చుట్టవలెను. అందు 3,04,805 అక్షరములు కలవని వారి లెక్క. వానిలో ఒక్క అక్షరము చెడినను, దిద్దువఱకు ఆ చుట్టను సభలో చదువరాదు. దిద్దుటకు వీలులేనంతగా శిథిలమైనచో దాని పారాయణము ముగిసినట్లే. గౌరవము మాత్రము ముగియదు.

ఇందుకు ఆధారము ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయము. అన్యదేవతల పీఠములను పడగొట్టి వారి పేరులను రూపుమాపుడని చెప్పిన పిమ్మట, మీ దేవునియెడల అట్లు చేయరాదని అందు కలదు. కావున దైవనామము వ్రాసిన దేనినైనను తుడిచివేయరాదని, నాశనము చేయరాదని వారి ధర్మవేత్తలు నిర్ణయించిరి. శిథిలమైన తోరాచుట్టను మట్టిపాత్రలో నుంచి, విద్వాంసుని సమాధిప్రక్కన పూడ్చవలెనని తాల్ముదు విధించినది. చదివినవాడును, చదువబడినదియు ఒక్కచోట విశ్రమించుట! ఈ విధిని తలచినప్పుడెల్ల నాకు మనసు చల్లబడును.

తక్కిన వస్తువులకును తారతమ్యము కలదు. తోరాకు తొడుగు వస్త్రము, గడపకమ్మికి తగిలించు మెజూజా, ప్రార్థనవేళ నొసటను చేతను కట్టుకొను తెఫిల్లీను, వీనిలో పవిత్రత నిలిచియున్నది గనుక దాచియే తీఱవలెను. పండుగలో చేతబట్టిన ఖర్జూరపు మట్ట, పర్ణశాలకు కప్పిన కొమ్మలు, ప్రార్థనవస్త్రపు కుచ్చులు ఆ కోవలోనివి కావు. పని తీఱిన పిమ్మట వానిని విడిచిపెట్టవచ్చును, అవమానకరముగా మాత్రము కూడదు. మన పూజాపత్రిని త్రొక్కుడుపడనిచోట వేసినట్లే యని నేననుకొందును.

శిథిలగ్రంథములను వెంటనే పూడ్చక, మందిరములో ఒక గదియందు కూడబెట్టుదురు. ఆ చోటు పేరే గెనీజా. హీబ్రూలో ఆ ధాతువునకు దాచుట యని అర్థము. పారసీకమున నిధికి గంజ్ అను మాట కలదు, రెండును ఒక్క కుదుటివి. తెలంగాణమున ధాన్యపు విపణిని గంజ్ అనుటయు ఆ పారసీకపు చుట్టఱికమే.

ఈజిప్టు రాజధాని కైరోలో ఫుస్తాతు అను ప్రాతపట్టణము కలదు. అచ్చట బెన్ ఎజ్రా అను యూద మందిరము పదునొకండవ శతాబ్దమున కూల్చబడి, మరల కట్టబడినది. స్త్రీలు కూర్చుండు మేడవసారా కొనయందు కిటికీలులేని గది యొకటి యుండెను. దానికి వాకిలి లేదు. గోడపైభాగమున ఒక రంధ్రము. నిచ్చెన యెక్కి కాగితములను అందుండి లోపల జారవిడిచెడివారు. కొంతకాలమున కవి శ్మశానమున కేగవలసియుండగా, ఈ గదిలోనివి పెక్కులు కదలక, దాదాపు తొమ్మిదివందల యేండ్లు పేరుకొనిపోయినవి. ఎండ కాయు పొడినేల యగుటచే చివుకక నిలిచినవి.

వింత యేమనగా, వారు మతగ్రంథములను మాత్రమే గాక హీబ్రూ అక్షరములున్న సమస్తమును అందు వేసిరి. మనము సంస్కృతమును తెలుగులిపిలో వ్రాసినట్లు, ఆ యూదులు తాము మాటలాడు అరబ్బీని హీబ్రూలిపిలో వ్రాసెడివారు. శ్రీరామ చుట్టి ఉత్తరము మొదలిడినట్లు వారును దైవనామముతో మొదలిడెడివారు. కావున వివాహపత్రములు, విడాకులు, అంగడి పద్దులు, బీదల విజ్ఞాపనలు, అన్నియు అందు చేరినవి.

1864లో యెరూషలేము వాసియగు యాకోబు సఫీర్ ఆ గది చూడగోరగా, లోపల పాము కలదని అచ్చటివారు బెదరించిరి. నిధి యున్నచోట పాము కాపుండునని మన పల్లెలలో చెప్పుకొను మాటకును దీనికిని ఎంత పోలిక! అతడు వెఱవక లోపలికి దిగెను గాని, దుమ్ములో నుండి కొలది పత్రములే తెచ్చుకొనెను.

1896లో కవలలైన ఇద్దఱు విదుషులు, ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనువారు, ప్రాచ్యదేశముల కొన్న పత్రములను కేంబ్రిడ్జికి తెచ్చిరి. అచ్చటి ఆచార్యుడు సాలమన్ షెక్టర్ వానిలో ఒక యాకును చూచి, బెన్ సీరా నీతిగ్రంథపు హీబ్రూ ప్రతి యని గుర్తించెను. శతాబ్దములుగా ఆ గ్రంథము గ్రీకు, సిరియా భాషల అనువాదములలోనే ప్రచారమున నుండెను. ఆయన వెంటనే కైరోకు పయనమై, మతాధికారి యనుమతితో ఆ గదిలో దిగి, వారములతరబడి ధూళి పీల్చి అస్వస్థుడయ్యెను. ఆయన తెచ్చినవియు, మఱికొన్నియు కలిసి కేంబ్రిడ్జిలో నేడు సుమారు 1,93,000 తునుకలు కలవు. తక్కినవి అంతకుముందే వ్యాపారుల చేతులలో పడి దేశదేశముల చెదరినవి. ఒకే గ్రంథపు ఆకులు వేర్వేఱు నగరములలో నుండుట నాకు కష్టముగనే తోచును.

పూడ్చదగినదానిని వెలికితీయుట అపచారము కాదా యని మీ రడుగవచ్చును. ధర్మము నిషేధించినది నాశనమును గదా! కాగితమును గాజుపలకల నడుమ భద్రపఱచుటలో నాశనము లేదు. పైగా, వెలికితీసినందువలన పోయినవారు మరల మాటలాడిరి.

మహావైద్యుడు, తత్త్వవేత్త మైమోనిడీసు (మరణము 1204) స్వహస్తముతో వ్రాసిన చిత్తుప్రతులు దొరకినవి. ఆయన తమ్ముడు దావీదు ఎఱ్ఱసముద్రతీరపు ఐధాబు రేవునుండి, ఎడారిలో తాను పడిన కష్టములు తెలిపి, ఓడయెక్కి హిందూదేశమునకు పోవుచున్నానని అన్నకు వ్రాసిన లేఖయు దొరకినది. దావీదు హిందూమహాసముద్రమున మునిగిపోయెను. ఆ దుఃఖముచే అన్న యొక సంవత్సరము మంచము పట్టెను.

మన దేశముతో సంబంధించిన లేఖలు ఇంకను కలవు. అబ్రహాము బెన్ యీజూ అను వర్తకుడు 1132 మొదలు 1149 వఱకు చాలకాలము మలబారు తీరమున, ముఖ్యముగా మంగళూరున, నివసించి కంచుపాత్రల కర్మశాల నడపెను. ఆషూ అను దాసిని విడుదలచేసిన పత్రము 1132 నాటిది. ఆమెయే ఆయన యిల్లాలని పండితుల యూహ. ఏడెననుండి మిత్రులు ఆయనకు కాగితము కానుకగా పంపెడివారు. మనవా రప్పుడు తాటాకుపైనే వ్రాయుచుండిరి గదా! వచ్చిన లేఖల వెనుకవైపున కూడ ఆయన లెక్కలు వ్రాసుకొనెను. ఇట్టి లేఖలను ముప్పదియేండ్లకు మించి పరిశోధించినవాడు గోయిటైన్ (1900-1985). రాజులను గూర్చి శాసనములు చెప్పును. మంగళూరిలోని యొక కంచువ్యాపారి సంసారమును మనకు చెప్పినది ఈ చెత్తగది.

నీటిలో విడుచుటలోను భక్తి కలదు, కాదనను. కాని నీరు దేనిని తిరిగి యియ్యదు. అటుకలపై ఎవరును విప్పని తాటాకు కట్టలు గల గృహస్థులు నా మాట వినుచుందురేని, నదికి పోవుటకు ముందు చదువనేర్చినవారి కొకసారి చూపవలెనని ప్రార్థించుచున్నాను.

పంతులుగా బ్రదికినవాడను గనుక, నా కన్నిటికంటె ప్రీతియైనవి ఆ గదిలోని బాలశిక్షలు. ఉపాధ్యాయుడు పెద్ద అక్షరముల అంచులు గీసి యిచ్చినాడు. పిల్లలు వానిలో ఎఱ్ఱని, గోధుమవన్నె రంగులు నింపినారు. కొన్నిచోట్ల రంగు గీత దాటినది. ఆ పుటలు ఇప్పుడును కేంబ్రిడ్జిలో, బెన్ సీరా గ్రంథపు ఆకు ఉన్న చావడిలోనే ఉన్నవి.