'వాన రాలే': రెండు మాటల్లో కథంతా

కథలో ఏమేం ఉండాలి? స్కూల్లో చదివాం కదా: పాత్రలు, స్థలకాలాలు, ఇతివృత్తం, సంఘర్షణ, కంఠస్వరం, వస్తువు. పరీక్షకి బట్టీ కొట్టాం, మర్చిపోయాం. ఈరోజు వాటిని మన అనంతపురంలో వెతుకుదాం. రెండు మాటలు చాలు: 'వాన రాలే'.

ఇది బండి నారాయణస్వామి గారి కథ పేరు. 18వ శతాబ్దపు అనంతపురం సీమ మీద రాసిన 'శప్తభూమి' నవలకి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న రచయిత. కథ నేను చెప్పేస్తే మజా ఉండదు, మీరే చదవండి. మనం పేరు దగ్గరే ఆగుదాం.

మొదట స్థలం. ఇదే మాట కోనసీమలో అన్నారనుకోండి. "పర్లేదు, కాలవలో నీళ్ళొస్తాయి" అంటారు. అక్కడ ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచీ ఉంది. ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. చాలా చేన్లకి ఆకాశమే కాలవ. కొన్ని యాప్‌లు లొకేషన్ ఆఫ్ చేస్తే పనిచెయ్యవు కదా, ఈ కథ పేరు కూడా అంతే. స్థలం తీసేస్తే వాతావరణ వార్తలా మిగుల్తుంది.

రెండోది కంఠస్వరం, అంటే కథ ఎవరి గొంతులో వినబడుతోంది అని. పుస్తకం భాషలో అయితే "వర్షం కురియలేదు" అని ఉండేది. 'రాలే' అనగానే ఎవరో గట్టు మీద నిలబడి మొగులుకేసి చూస్తూ అన్నట్టుంటుంది. ఆ ఒక్క క్రియతో పాత్ర కూడా వచ్చేసింది.

మూడోది సంఘర్షణ. సినిమాలో విలన్‌కి ముఖం ఉంటుంది, కొడితే పడతాడు. కరువుకి ముఖం లేదు. అందుకే కరువు కథలో అసలు గొడవ మనిషి లోపలికి పోతుంది. ఒక పదును పడింది. విత్తనం వెయ్యాలా, ఇంకో వాన దాకా ఆగాలా? వేస్తే ఎండిపోవచ్చు, ఆగితే అదను దాటిపోవచ్చు. అప్పు తెచ్చిన శనక్కాయ విత్తనాలు ఇంట్లో ఉన్నాయి. తర్వాత ఏం జరుగుతుందన్నదే ఇతివృత్తం. ఆ జరిగినదాన్ని బట్టి మనకి అర్థమయ్యే జీవితసత్యం వస్తువు. ఇక్కడి ఇంకో పెద్ద కథకుడు, 2021లో చనిపోయిన సింగమనేని నారాయణ గారు, 'జూదం' అని ఒక కథకి పేరు పెట్టారు. ఇక్కడి సేద్యానికి అంతకన్నా సరైన మాట దొరకడం కష్టం.

ఇప్పుడు చరిత్ర. తెలుగులో తొలి ఆధునిక కథ అనగానే గురజాడ 'దిద్దుబాటు', 1910 అంటాం. అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాశారు. మరి రాయలసీమలో? చాలాకాలం వినబడిన జవాబు, జి. రామకృష్ణ 'చిరంజీవి', 1941. అంటే 'దిద్దుబాటు' తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా సీమకి కథే లేదన్నమాట! "కరువు సీమ కదా, కథలేం పుడతాయి?" అని మనమే సర్దుకున్నాం.

కానీ 1926లోనే పప్పూరి రామాచార్యులు అనంతపురం నుంచి 'శ్రీసాధన' పత్రిక మొదలుపెట్టారు. అప్పిరెడ్డి హరినాథరెడ్డి గారు ఆ పాత సంచికలు వెతికి, పేజీ పేజీ చదివి పరిశోధించారు. ఆ పుస్తకానికి 2014లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఇలాంటి వెతుకులాట వల్ల 1941 కంటే ముందరి సీమ కథలు బయటపడ్డాయి. కథలు లేకపోవడం కాదు ఫ్రెండ్స్, మనం చూడకపోవడం.

ఇందుకే నాకు కథాంగాలు పరీక్ష ప్రశ్నలా అనిపించవు. అవి చూసే పద్ధతి. అవి తెలియకపోతే మీ అవ్వ చెప్పే కరువు ముచ్చట ఉత్త సోది అనిపిస్తుంది. తెలిస్తే, అందులో స్థలం ఉంది, ముఖం లేని శత్రువు ఉంది, ఎటూ తేల్చుకోలేని మనిషి ఉంది అని కనబడుతుంది. ఆ గొంతు ఈరోజు వింటే ఉంటుంది, లేకపోతే పోతుంది. పాత సంచికైతే ఏ బీరువాలోనో దొరకొచ్చు, అవ్వ మాట దొరకదు.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కటే అడగండి: "వాన రాని ఏడు ఏం చేసినారు?" మధ్యలో అడ్డు పడొద్దు. వాళ్ళు చెప్పిన మాటల్ని పుస్తకం భాషలోకి మార్చకుండా అట్లే రాసుకోండి. 'రాలే' అంటే 'రాలే' అనే రాయండి.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.