పొయ్యి మారిన కథ



ఎద్దును కొనేముందు పళ్లు చూస్తాము, నడక చూస్తాము, నలుగురినీ అడుగుతాము. పొయ్యి తెచ్చేటప్పుడు మాత్రం దాని ముందు కూర్చునే యిల్లాలిని ఒక్క మాటయినా అడగము. అలా అడగనందువల్ల జరిగిన నష్టమే నేడు మీకు చెప్పబోయే కథ.

మామూలు కట్టెల పొయ్యిలో పుట్టే వేడిలో నూటికి పదిపాళ్లు, అటూ యిటూగా, గిన్నెకు అందుతుంది. తక్కినదంతా గాలిపాలు. పొగ మాత్రం యింట్లోనే నిలిచి కళ్లకూ, ఊపిరితిత్తులకూ చేటు చేస్తుంది. మా అమ్మ ఊదుగొట్టం పక్కనబెట్టి కొంగుతో కళ్లు తుడుచుకోవటం చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

ఈ బాధ తీర్చాలని పాటుపడినవారిలో మన హైదరాబాదువారున్నారు. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజుగారు మట్టితోనే కట్టుకొనే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం వ్రాశారు. ఒకే మంటమీద వరుసగా గిన్నెలు ఉడుకుతాయి, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. 1950లలో జశ్‌భాయ్ పటేల్‌గారు గోబరుగ్యాసు ప్లాంటు తయారుచేయగా, 1960లలో ఖాదీ గ్రామోద్యోగ కమిషను దాన్ని పల్లెలకు చేర్చింది.

1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగుపరచిన పొయ్యిల పథకం పెట్టింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేయించి, 2002లో ఆ పథకాన్ని విరమించింది. ఏమైనవి ఆ పొయ్యిలు? గొట్టం మసితో పూడిపోతే తీసేవారు లేరు. పొయ్యి కన్నం ఒక కొలత, యింట్లో సట్టి మరొక కొలత. పొడుగు కట్టె పట్టకపోతే నోరు పగులగొట్టి వెడల్పు చేశారు. లోపం ఆడవారిది కాదు సుమండీ, అడగనివారిది.

ఆ తప్పు నేనూ చేశాను. రెండే గేదెలున్న యింటికి రెండు ఘనపు మీటర్ల గ్యాసు ప్లాంటు చెప్పాను. దానికి రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువుల పేడ కావాలి. ప్లాంటు మూలబడింది. “పేడ చాలదని నాకు ముందే తెలుసు సారూ, నన్నెవరడిగారు?” అన్నది ఆ యిల్లాలు. నాకు జవాబు దొరకలేదు.

తరువాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి పేదల యిళ్లకు సిలిండరు చేర్చినవి. అయినా రెండో సిలిండరుకు డబ్బు అందక మళ్లీ కట్టెపుల్లలు ఏరుకొనే యిళ్లు మీరెరుగనివి కావు.

కాబట్టి పొయ్యి కొనేముందు నాలుగు సంగతులు విచారించండి. ఏడాది పొడుగునా మనకు తేలిగ్గా దొరికే వంటచెరకు ఏది? యింట్లో పెద్ద గిన్నె దానిపై నిలుస్తుందా? చెడితే దగ్గరలో బాగుచేసేవారున్నారా? పొగ ఎటు పోతుంది? పశువులు చాలినన్ని వుంటే గోబరుగ్యాసు మేలు. మిగిలిన మడ్డి పొలానికి మంచి ఎరువవుతుంది. లేనివారు గ్యాసు సిలిండరుకు నెలనెలా కొంత పక్కన పెట్టండి. కట్టెలే గతియైతే పొగగొట్టం కట్టించి, వారానికోసారి మసి దులపండి.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు వండినవారిని అడగండి.