ఇక్కడితనం: బుండ్ ఉద్యమం, యిడ్డిష్ భాషా పునరుజ్జీవనం

సొంత రాజ్యం లేని భాషను నిలిపేదెవరు? ఈ ప్రశ్నకు తూర్పు ఐరోపా యూదు కార్మికులు వంద సంవత్సరాల క్రితమే ఒక సమాధానం చెప్పారు. తెలుగు రాష్ట్రాలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఆ చరిత్ర ఉపయోగపడుతుందని భావించి, దానిని ఇక్కడ సంగ్రహంగా పరిచయం చేస్తున్నాము.

యిడ్డిష్ మధ్యయుగాలలో జర్మన్ మాండలికాల నుండి ఏర్పడి, హీబ్రూ, స్లావ్ భాషల పదజాలాన్ని కలుపుకొని పెరిగిన భాష. దాని లిపి హీబ్రూ. ప్రార్థనకు, శాస్త్రాధ్యయనానికి హీబ్రూ. ఇంటికీ అంగడికీ కార్ఖానాకూ యిడ్డిష్. పండితులు దీనిని 'జార్గన్' అని, అంటే సంకరభాష అని, చిన్నచూపు చూసేవారు. 1890లలో విల్నా నగరంలోని (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) సోషలిస్టు యువకులు కూడా మొదట కార్మికులకు రష్యన్‌లోనే పాఠాలు చెప్పేవారు. ఆ చదువు అందుకున్నవారు కొద్దిమందే. కుట్టుపనివారు, నేతగాళ్ళు, తోళ్ళ పనివారు అందరూ కదలాలంటే వారి మాటలోనే మాట్లాడక తప్పదని అనుభవం నేర్పింది. 1895లో అక్కడ ఏర్పడిన 'జార్గన్ కమిటీ' యిడ్డిష్ పుస్తకాలను కార్మికుల గ్రంథాలయాలకు చేర్చింది.

1897 అక్టోబరులో 13 మంది ప్రతినిధులు విల్నాలో రహస్యంగా సమావేశమై యూదు కార్మిక సంఘాన్ని స్థాపించారు. అదే బుండ్. అదే సంవత్సరం ఆగస్టులో బాసెల్ నగరంలో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది. ఒకే సంకటానికి ఇవి రెండు భిన్న సమాధానాలు. యూదులకు ప్రత్యేక దేశం కావాలన్నది జియోనిస్టుల మార్గం. తాము పుట్టి పెరిగిన చోటనే, పొరుగువారితో కలిసి, సమాన హక్కులకై పోరాడాలన్నది బుండ్ మార్గం. దీనికి వారు పెట్టుకున్న పేరు 'డోయికైట్'. తెలుగులో 'ఇక్కడితనం' అనవచ్చు. పాఠశాలలు, సాంస్కృతిక సంస్థలు భూభాగాన్ని బట్టి గాక ఆ భాషా సమాజం చేతిలోనే ఉండాలని కూడా బుండ్ కోరింది. ఈ విషయాలపై రష్యన్ సోషల్ డెమోక్రాట్లతో విభేదించి 1903 మహాసభ నుండి బయటికి నడిచి, 1906లో తిరిగి చేరింది.

1908లో చెర్నోవిట్స్ (నేడు ఉక్రెయిన్‌లోని పట్టణం)లో జరిగిన సదస్సు యిడ్డిష్‌ను యూదుల జాతీయ భాషలలో ఒకటిగా ప్రకటించింది. బుండ్ ప్రతినిధి ఎస్తేర్ ఫ్రుమ్‌కిన్ అది ఏకైక జాతీయ భాష కావాలని వాదించారు. దాదాపు అదే కాలంలో, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషకై పోరాటం ఆరంభించడం మనకు గుర్తుకు రాక మానదు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని జనం నోటి మాటకు గౌరవం కావాలన్న కోరిక రెండు చోట్లా ఒకటే.

బుండ్ అసలు బలం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండులో కనిపిస్తుంది. 1921లో యిడ్డిష్ మాధ్యమ పాఠశాలల కేంద్ర సంస్థ ఏర్పడింది. ఇందులో బుండ్ పాత్ర ప్రధానమైనది. 1926లో వార్సా సమీపాన క్షయ సోకే ప్రమాదమున్న పిల్లలకై మేదెం ఆరోగ్యనిలయం వెలసింది. 1938 డిసెంబరు వార్సా పురపాలక ఎన్నికలలో యూదు పార్టీలు గెలిచిన 20 స్థానాలలో 17 బుండ్‌వే. పిల్లవాని చదువు, కూలివాని వేతనం, రోగి పథ్యం, అన్నీ యిడ్డిష్‌లోనే నడిచాయి.

అంతటినీ నాజీలు తుడిచిపెట్టారు. 1942 ఆగస్టులో మేదెం నిలయపు పిల్లలను, వారిని విడిచి వెళ్ళని సిబ్బందిని ట్రెబ్లింకాకు తరలించి చంపారు. 1943 వార్సా ఘెట్టో తిరుగుబాటు నాయకులలో ఒకరైన మారెక్ ఎడెల్మన్ బుండ్ సభ్యుడే. బుండ్ అగ్రనాయకులు ఎర్లిక్, ఆల్టర్ సోవియట్ చెరలో మరణించారు. 1952 ఆగస్టు 12న మాస్కోలో కాల్చి చంపిన 13 మంది యూదులలో ప్రసిద్ధ యిడ్డిష్ రచయితలున్నారు. 1949 నాటికే పోలండులో బుండ్ అంతరించింది.

నేటి పునరుజ్జీవనం ఈ శిథిలాల మీద సాగుతోంది. 1980లో ఏరన్ లాన్‌స్కీ అమెరికాలో ప్రారంభించిన పుస్తక కేంద్రం 10 లక్షలకు పైగా యిడ్డిష్ సంపుటాలను సేకరించింది. స్వీడన్ 2000లో యిడ్డిష్‌ను అల్పసంఖ్యాక భాషగా గుర్తించింది. మెల్బోర్న్‌లో బుండ్ శాఖ, దాని బాలల సంఘం నేటికీ పనిచేస్తున్నాయి. పలు దేశాల యూదు యువకులు 'ఇక్కడితనం' అన్న మాటను మళ్ళీ చేపట్టారు. అయితే ఇక్కడొక చిక్కుంది. నేడు యిడ్డిష్‌ను ఇంట్లో, వీధిలో, బడిలో నిత్యం మాట్లాడేది ప్రధానంగా బ్రూక్లిన్ వంటి చోట్ల నివసించే హసీదీ మతనిష్ఠాపరులు. వారికి సోషలిజంతో గాని, లౌకిక సాహిత్యంతో గాని పనిలేదు. ఆ సాహిత్యాన్ని ప్రేమించేవారిలో చాలామందికేమో అది ఇంటి భాష కాదు. ఒకరికి వీధి ఉంది, మరొకరికి గ్రంథాలయం ఉంది. బుండ్ కాలంలో రెండూ ఒకే చోట ఉండేవి.

మన పరిస్థితి వేరు. తెలుగుకు రెండు రాష్ట్రాలున్నాయి, కోట్ల మంది ఉన్నారు. అంతటి విధ్వంసాన్ని మనం చూడలేదు. అయినా షోలాపూరు నేతకార్మికుని బిడ్డకు, హోసూరు రైతు బిడ్డకు ఆ రాష్ట్రాలు దగ్గరగా ఉన్నా తమవి కావు. భాషాభిమాన సభలు అవసరమే కాని చాలవని బుండ్ చరిత్ర చెబుతోంది. భాషను దాని మాటకారుల బతుకుతో, అంటే బడితో, కూలితో, వైద్యంతో ముడివేసినప్పుడే అది నిలుస్తుంది. ఆ ముడి వేయవలసిన చోటు పూర్వీకుల ఊరు కాదు, మనమున్న ఊరు.