ఉత్తర తెలంగాణాలో వకీలు వృత్తి - భూమి కాగితం

న్యాయవాద వృత్తి మారిపోతోందని యీనాడు జరుగుతున్న చర్చ అంతా మహానగరాలకే పరిమితమైంది. వందలాది న్యాయవాదులు వొకే సంస్థగా యేర్పడి కంపెనీలకు పని చేసిపెట్టడం, 2023లో భారత బార్ కౌన్సిల్ విదేశీ న్యాయ సంస్థలకు పరిమితంగా అనుమతి యివ్వడం - యివే పెద్ద మార్పులని చెబుతున్నారు. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో యీ వృత్తి చరిత్రను పరిశీలిస్తే వేరొక విషయం బోధపడుతుంది. యిక్కడ భూమి కాగితం మారినప్పుడల్లా వకీలు పని మారింది.

నిజాం పాలనలో 1880 దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ కచేరీ భాష అయింది. రైతు మాట్లాడేది తెలుగో గోండీయో, అర్జీ మాత్రం ఉర్దూలో. యీ దూరమే వకీలుకూ, అతని గుమాస్తాకూ, అర్జీలు రాసేవానికీ జీవనాధారం. అయితే వకీలు గడప తొక్కగలిగిన రైతులు యెందరు? పట్వారీ లెక్కలు చాలా గ్రామాల్లో దొర చెప్పుచేతల్లో వుండేవి. తగాదా తీర్చేది దొర గడీలో, దండుగ కట్టించుకునేదీ అక్కడే. మున్సిఫు కోర్టు వున్నవాళ్ల తగాదాలకే పనికివచ్చిందనాలి.

అలాగని ఆనాటి వకీళ్లందరినీ దొరల మనుషులని కొట్టిపారేయడం అన్యాయం. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయి అవమానం పొందిన అల్లంపల్లి వెంకటరామారావు వకీలే. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు కూడా వకీలే. వెట్టిచాకిరీ చట్టవిరుద్ధమని కరపత్రాలు అచ్చువేసి పంచిన సంఘం అది. 1935లో సిరిసిల్లలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. అయితే వారి పోరాటం చాలావరకు అర్జీలతో, తీర్మానాలతో ఆగింది.

ఆదిలాబాదు అడవుల్లో ఆ మాత్రం కూడా లేదు. తరతరాలుగా గోండులు దున్నిన భూములకు పైనుంచి వచ్చినవారు పట్టాలు చేయించుకున్నారు. గోండుల వద్ద కాగితం లేదు కనుక చట్టం దృష్టిలో వారు ఆక్రమణదారులు! 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాతనే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పరిశీలనకు పంపింది, కొన్ని వేల కుటుంబాలకు పట్టాలు యిచ్చింది. యే అదాలత్ ఫైసలా వల్లనూ అవి రాలేదు.

1950 కౌలుదారీ చట్టంతో వకీలుకు కొత్త పని వచ్చింది. రక్షిత కౌలుదారు చేత 'యిష్టపూర్వకంగా' రాజీనామా రాయించడంలో, 1954-55 కాస్రా పహాణీలో యెవరి పేరు యెక్కిందో తవ్వి తీయడంలో భూస్వామికి చట్టజ్ఞానం అవసరమైంది. కౌలుదార్లు యెంతమంది భూమి వదులుకోవలసి వచ్చిందో 1958 నాటి ఖుస్రో అధ్యయనం చూపింది. 1961 అడ్వకేట్ల చట్టం వకీలు, ప్లీడరు తేడాలను చెరిపివేసింది. వృత్తి వొకటైంది గాని, కక్షిదారులు వొకటి కాలేదు. 1970లో భూబదలాయింపు రెగ్యులేషను సవరణ షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరుల కొనుగోళ్లను నిషేధించింది. దాని మీద నడిచిన వ్యాజ్యాలు వొక తరాన్ని పోషించాయి.

1978 సెప్టెంబరులో జగిత్యాల రైతులు జైత్రయాత్ర జరిపారు. ఆ పోరాటాల్లో దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి యిమ్మన్నది వొక ముఖ్యమైన కోరిక. అంటే గడీ న్యాయస్థానం మీద అది అప్పీలు. జవాబుగా అక్టోబరులో ఆ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. అప్పటినుంచి జామీను దరఖాస్తులు, పౌరహక్కుల పిటిషన్లు న్యాయవాదుల పనిలో చేరాయి. ఫీజు ఆశించకుండా వాదించినవారు వాళ్లలో వున్నారు.

2020లో ధరణి వచ్చి రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. పేరు తప్పిపోయిన రైతు ముందు మీసేవా కేంద్రానికి, ఆ తర్వాత కలెక్టరేటుకు, అదీ కాకపోతే హైకోర్టుకు పోవలసివచ్చింది. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. 2022లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చినా, మీటలు నొక్కితే తేలవలసిన యీ తగాదా వాటి చేతికి అందలేదు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అప్పీళ్లను మళ్లీ తెచ్చింది. యీ అయిదేళ్లలో రైతులు తిరిగిన తిరుగుళ్లకు మాత్రం యే చట్టమూ ఖర్చులు యిప్పించలేదు.

2023 జూన్‌లో తెలంగాణా హైకోర్టు తొలిసారి తెలుగులో వొక తీర్పు యిచ్చింది. అది కూడా భూమి తగాదాయే.