ఈరోజు నది మీద గాలెంత? కొలంబియా లోయ చెప్పే కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. గాలి మాత్రమే ఉంది. బోర్ కొడుతుందనుకోకండి, ఒక ఊరు మొత్తం దాని మీదే బతుకుతోంది.

ఆ ఊరి పేరు హుడ్ రివర్. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, కొలంబియా నది ఒడ్డు. జనాభా ఎనిమిది వేల చిల్లర, మన దగ్గర ఒక మోస్తరు మండల కేంద్రం కూడా దానికంటే పెద్దదే. వేసవిలో అక్కడ చాలామంది లేవగానే వాట్సాప్ కంటే ముందు గాలి చూసుకుంటారు. విండ్‌సర్ఫింగ్ అంటే పలక మీద తెరచాప బిగించి దాన్ని పట్టుకుని నిలబడి నీటి మీద దూసుకెళ్లడం. కైట్‌బోర్డింగ్ అయితే తెరచాప బదులు పెద్ద గాలిపటం, దాని తాళ్లు మన నడుముకి కట్టి ఉంటాయి.

ఇంత హడావిడి ఎందుకంటే, గాలిని బట్టి తెరచాప సైజు మార్చాలి. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సే. గంటకు 20 మైళ్ల గాలి 30 అయితే లాగే బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. 20 అనుకుని పెద్ద పటం ఎగరేశాక 30 వస్తే మనిషిని పైకి లేపి ఎటు విసురుతుందో తెలీదు. నది మధ్యలో గాలి ఆగిపోతే ఇంకో ప్రమాదం. అదే దారిలో గోధుమలు మోసుకెళ్లే బార్జీలు వస్తుంటాయి, వాటికి బ్రేకులుండవు. అందుకే పొద్దున్నే వచ్చే ఆ ఒక్క అంకె మీద అంత నమ్మకం, తప్పితే అంత కోపం.

సరే, ఆ గాలి అక్కడే ఎందుకు?

పాపికొండలు చూశారు కదా. తూర్పు కనుమలను చీల్చుకుని గోదావరి వచ్చే చోటు. కొలంబియాది కూడా అదే పని, కాకపోతే సైజు వేరు. పసిఫిక్ తీరానికి కాస్త లోపలగా ఉత్తరం నుంచి దక్షిణానికి క్యాస్కేడ్ పర్వతాలు గోడలా ఉంటాయి. ఆ గోడలో దాదాపు సముద్రమట్టం ఎత్తులోనే ఉన్న సందు ఈ లోయ. దాదాపు 130 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 1,200 మీటర్ల లోతు. గోడకు పడమర వైపు చల్లటి సముద్రపు గాలి, తూర్పు వైపు వాన పడని ఎండు నేల. జూలైలో తూర్పున నేల మాడిపోతుంది, గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. పడమర గాలి ఆ ఖాళీలోకి రావాలి, దారి మాత్రం ఒక్కటే. కేరళ, తమిళనాడు మధ్య పాలక్కాడ్ కనుమలో వీచే గాలి కథ కూడా దగ్గర దగ్గర ఇదే, కోయంబత్తూరు దగ్గర అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు.

కొలంబియాలో ఇంకో విశేషం ఉంది. నది పడమరకు పారుతుంది, వేసవి గాలి తూర్పుకు వీస్తుంది. రెండూ ఎదురెదురుగా తగిలి నీటి మీద సముద్రంలో లాంటి అలలు లేస్తాయి. గాలి మనల్ని తూర్పుకు తోస్తుంటే ప్రవాహం వెనక్కి తెస్తుంది, అంటే బయల్దేరిన చోటుకి తిరిగి రావడం సులువు. చలికాలంలో మొత్తం తిరగబడుతుంది. తూర్పున గడ్డకట్టే చలిగాలి పేరుకుని, అదే సందులోంచి పడమరకు దూకుతుంది.

ఈ గాలిని ముందు కనిపెట్టింది స్పోర్ట్స్ వాళ్లు కాదు. లోయ తూర్పు చివర సెలైలో అనే జలపాతం ఉండేది. కనీసం పదివేల ఏళ్లుగా అక్కడి మూలవాసులు చేపలు పట్టిన చోటు. సాల్మన్ చేపను కోసి, ఆ పొడి గాలికి ఆరబెట్టి, దంచి బుట్టల్లో కుక్కి దాచేవాళ్లు. ఉప్పు చేపకు ఎండ ఎలాగో, వాళ్ల చేపకు ఈ గాలి అలాగ. 1805లో లూయిస్, క్లార్క్ దళం ఆ దారిన వచ్చినప్పుడు ఈ బుట్టల గురించి క్లార్క్ రాసుకున్నాడు. అదే దళం తర్వాత నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, నవంబర్‌లో, గాలివానకి ఒక రాతిగట్టు కింద దాదాపు ఆరు రోజులు ఇరుక్కుపోయింది. అది లోయ గాలి కాదు, పసిఫిక్ తుఫాను. కానీ చూడండి, ఒకే నది. గాలి తెలిసినవాళ్లు చలికాలానికి తిండి దాచుకున్నారు, తెలియనివాళ్లు తడిసి ముద్దయ్యారు.

ఇక్కడ చిన్న డీటూర్. రేపటి గాలిని ఈరోజే జనానికి చెప్పడం అనే పని ఎక్కడ మొదలైంది? ఇంగ్లండ్‌లో. డార్విన్‌ను ఎక్కించుకుని తిరిగిన బీగిల్ ఓడ కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ గుర్తున్నాడా? 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో పగిలి సుమారు 450 మంది చనిపోయారు. అప్పటికే వాతావరణ విభాగం నడుపుతున్న ఫిట్జ్‌రాయ్, తీరం పొడుగునా టెలిగ్రాఫ్‌తో గాలి లెక్కలు తెప్పించి, 1861లో రేవుల్లో హెచ్చరిక గుర్తులు ఎగరేయించాడు. అదే ఏడాది ఆగస్టు 1న ద టైమ్స్ పేపర్లో మొదటి ఫోర్‌కాస్ట్ వచ్చింది. వాతావరణానికి ఆ మాట వాడింది కూడా ఆయనే. తప్పినప్పుడల్లా పేపర్లు, సైంటిస్టులు ఆడుకున్నారు. 1865లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. కారణాలు ఇంకా ఉన్నాయి, అప్పులు, ఆరోగ్యం, అన్నీ. ఆ తర్వాత హెచ్చరికలు ఆపేశారు. 1867లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఓడల వాళ్లు, చేపల వాళ్లు అవి కావాలని పట్టుబట్టారు. సముద్రం మీదకి వెళ్లేవాడికి తప్పయ్యే ఫోర్‌కాస్ట్ కూడా అస్సలు లేనిదానికంటే మేలు.

టీవీలో తుఫాను వచ్చినప్పుడల్లా "విశాఖ, కాకినాడ పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వింటాం కదా. రేవులో గుర్తు ఎగరేసే ఆ పద్ధతికి మన దేశంలో 1865లో కలకత్తా రేవులో శ్రీకారం చుట్టారు.

మళ్లీ కొలంబియాకి వద్దాం. ఇప్పుడు బోర్డులు తిరిగే ఆ వెడల్పాటి నీరు సహజమైనది కాదు. 1938లో బోనెవిల్ డ్యామ్ పనిచేయడం మొదలై, వెనక హుడ్ రివర్ దాటి నీళ్లు నిలిచాయి. 1957 మార్చి 10న ఇంకా పైన ద డాల్స్ డ్యామ్ గేట్లు మూశారు. కొన్ని గంటల్లో సెలైలో జలపాతం మునిగిపోయింది. పదివేల ఏళ్ల చోటు, ఒక్క పూట. 1855 ఒప్పందాల్లో యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ తెగలకు తమ అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు రాసిచ్చారు. హక్కు కాగితం మీద ఉంది, చోటు నీళ్ల కింద ఉంది. పోలవరం ముంపు గురించి వింటూ పెరిగినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదనుకుంటా. చివరికి 1988లో నది వెంబడి 31 చోట్లు తెగల చేపలవేటకి కేటాయించాలని చట్టం చేశారు. అప్పటికి బోర్డుల వాళ్లు కూడా ఒడ్డు కోసం వెతుక్కుంటున్నారు. వలలూ తెరచాపలూ ఒకే నీటి మీదికి వచ్చాయి. టూరిస్టు వీడియోల్లో ఈ ముక్క కనబడదు.

విండ్‌సర్ఫింగ్ బోర్డు పేటెంట్ 1970లో వచ్చింది. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయల్ ష్వైట్జర్ అనే ఇద్దరి పేరు మీద. డ్రేక్ విమానాల ఇంజనీరు. 1980ల మొదట్లో హుడ్ రివర్‌లో కలప మిల్లులు దెబ్బతిన్నాయి, మిగిలింది పియర్, యాపిల్ తోటలు. సరిగ్గా అప్పుడే బోర్డులు కారెక్కించుకుని కుర్రాళ్లు దిగారు. ఖాళీ షాపుల్లో తెరచాపల కొట్లు వెలిశాయి. 90లలో గాలిపటం బోర్డులను ముందుగా ఆడించి చూసినవాళ్లలో బిల్, కోరీ రోజ్లర్ అనే తండ్రీకొడుకులు కూడా ఈ నది మీదే ఉన్నారు. ఊరు నిలబడింది. ఇళ్ల ధరలు మాత్రం తోటల్లో పనిచేసేవాళ్లకి అందకుండా పోయాయి.

అక్కడ వియెంటో అని ఒక రేవుంది. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం గాలి. ఆహా ఎంత బాగా పెట్టారో అనుకున్నాను. కాదట. విలార్డ్, ఎండికాట్, టోల్మన్ అనే ముగ్గురు రైల్వే పెద్దల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది! కాకతాళీయం అంటే ఇదే.

ఇక ఫోర్‌కాస్ట్ ఎలా చేస్తారు? మొదటి సూత్రం తీసివేతే. పడమర పోర్ట్‌లాండ్‌లో ప్రెషర్ ఎంత, తూర్పు ద డాల్స్‌లో ఎంత, తేడా ఎంత. తేడా పెద్దదైతే గాలి పెద్దది. ఒకప్పుడు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు రేవుల వారీగా గాలి చదివేది. తర్వాత ఒడ్డున సెన్సర్లు, ఇంటర్నెట్, ఇప్పుడు యాప్‌లు.

పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బొరోలో చిప్ కంపెనీల పుణ్యమా అని మనవాళ్లు బాగానే ఉన్నారు. అక్కడున్న ఫ్రెండ్ ఒకడు బోర్డు కొన్నాడని, వాడి కోసం ఈ తీసివేత చేసే చిన్న స్క్రిప్ట్ రాశాను. ముప్ఫై లైన్లు కూడా లేవు. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, నేను కాలర్ ఎగరేశాను. ఎనిమిదో రోజు తేడా బాగానే ఉంది, హుడ్ రివర్‌లో జెండా కూడా ఊగలేదు. గంటన్నర డ్రైవ్ చేసి వెళ్లినవాడు ఏమన్నాడో ఇక్కడ చెప్పలేను. విషయం ఏంటంటే, ఆరోజు సముద్రపు మబ్బు మందంగా ఉండి, గోడ దాటి లోయలోకి చాలా దూరం చొచ్చుకొచ్చింది. ఎండ తగలని చోట గాలి ఊపందుకోలేదు, ఊపంతా ఇంకా తూర్పుకి జరిగింది. మబ్బు అంచు ఎక్కడుందో నా స్క్రిప్ట్‌కి తెలీదు. రోజూ తెల్లారకముందే లేచి శాటిలైట్ బొమ్మలో ఆ అంచు చూసి రాసే మనిషికి తెలుసు.

పెద్ద కంప్యూటర్లు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? అమెరికా ప్రభుత్వ మోడల్ ఒకటి ప్రతి గంటా నడుస్తుంది. పేరు హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్. సినిమా కంటే ముందే, 2014లోనే వాడుకలోకి వచ్చింది లెండి. అది భూమిని 3 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. నది వెడల్పు చాలాచోట్ల అంతకంటే తక్కువ. అంటే నీళ్లూ, ఒడ్డూ, కొండవాలూ కలిపి ఒక్క పిక్సెల్. వాట్సాప్‌లో పదిసార్లు ఫార్వర్డ్ అయిన ఫొటోలో ముఖం వెతుక్కున్నట్టు ఉంటుంది.

దీన్ని బాగుచేయడానికి డబ్బులు బోర్డుల వాళ్ల కోసం రాలేదు. లోయకి తూర్పున వేల మెగావాట్ల గాలిమరలున్నాయి. గాలి అంచనా తప్పితే గ్రిడ్‌లో కరెంటు లెక్క తప్పుతుంది. అందుకే 2015 అక్టోబర్ నుంచి 2017 మార్చి దాకా, పద్దెనిమిది నెలలు, ఇంధన శాఖ, వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి ఈ ప్రాంతమంతా రాడార్లు, లైడార్లు పెట్టి కొలిచారు. సందులో గాలి ఎలా దూరుతుంది, లోయలో పేరుకున్న చలిగాలి ఎప్పుడు కదులుతుంది, ఇవే ప్రశ్నలు. నేర్చుకున్నది తర్వాత మోడల్‌లో చేర్చారు. లాభం పలక మీద నిలబడ్డవాడికీ అందింది.

పరికరాలు తీసేసిన ఆరు నెలలకి, 2017 సెప్టెంబర్ 2న, ఒక కుర్రాడు లోయలో ఈగిల్ క్రీక్ దగ్గర టపాసు విసిరాడు. అడవి అంటుకుంది. నడకకి వెళ్లిన నూట యాభై మంది దాకా రాత్రంతా కొండ మీదే చిక్కుకుపోయారు. తర్వాత గాలి తూర్పు నుంచి తిరిగింది. నిప్పురవ్వలు నది దాటి అవతలి వాషింగ్టన్ ఒడ్డున పడ్డాయి. 48 వేల ఎకరాలకు పైగా కాలింది. మంట ఎటు పోతుందో తేల్చుకోవాల్సినవాళ్లకి కూడా కావాల్సింది అదే తీసివేత, పోర్ట్‌లాండ్ ప్రెషర్, ద డాల్స్ ప్రెషర్. ఈసారి ఎక్కువ అంకె తూర్పున ఉంది.