ఎండ పనివాడా, పగవాడా?

పోయిన మే నెలలో ఒక రోజు రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. మాది స్లాబు ఇల్లు. ఫ్యాను ఆగిన కాసేపటికే గది పొయ్యి మీద పెట్టిన మూకుడులా అయిపోయింది. మా మామ్మకు డెబ్బై ఏళ్ళు దాటాయి. "ఊపిరాడట్లేదు, అరుగు మీద పడుకుంటాను" అని లేచి రెండడుగులు వేసి కళ్ళు తిరిగి పడిపోయింది. అమ్మ తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగిస్తే తేరుకుంది. మర్నాడు డాక్టరు గారు అది వడదెబ్బ అని చెప్పారు. నాకు అర్థం కాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఎండ ఎక్కడిది? ఇంట్లో కూర్చున్న మనిషికి వడదెబ్బ ఏమిటి?

మామ్మనే అడిగాను. "మా చిన్నప్పుడు తాటాకింట్లో ఉండేవాళ్ళం. ఎండ బయట ఉండేది, మేము లోపల ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎండ కూడా మనతో పాటే లోపల కాపురం ఉంటోంది" అంది. ఆ మాట పట్టుకుని, ఎండతో మన పెద్దలు ఎలా బతికారు, మనం ఎక్కడ దారి తప్పాం అని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎండ చేసిన పనులు

మన యానాం గోదావరి పాయ పక్కన, సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. ఇక్కడ ఎండకు కరువు లేదు. పాతరోజుల్లో ఆ ఎండ ఊరికే పోయేది కాదు. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడికి వచ్చింది గుడ్డల వ్యాపారం కోసం. పక్కనే ఉన్న ఇంజరంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కూడా అదే వ్యాపారం చేసింది. నేతగాళ్ళు నేసిన గుడ్డను రజకులు ఉతికి, తడిపి, మళ్ళీ మళ్ళీ ఎండలో పరిచి తెల్లగా చేసేవారు. ఇప్పుడు ఆ పనికి మందులూ యంత్రాలూ ఉన్నాయి. అప్పుడు నీళ్ళూ ఎండే మందు. ఓడలెక్కి పరదేశం పోయిన ఆ తెల్లదనంలో మన ఎండ కూడా ఉంది.

ఉప్పు సంగతీ అంతే. సముద్రపు నీటిని మడుల్లో పెడితే, నీళ్ళను ఎండ పట్టుకుపోయి ఉప్పును మనకు వదిలేస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా మడులు దీనికి పేరు పొందాయి. బెస్తవారు ఎండబెట్టే చేపలు, రొయ్యలు, ఆత్రేయపురంలో చాపల మీద పొరలు పొరలుగా ఆరబెట్టే మామిడి తాండ్ర, మన ఇళ్ళలో పెట్టే ఒడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు, మాగాయ ముక్కలు అన్నీ సూర్యుడి పొయ్యి మీద తయారైనవే. వీటిలో ఉన్న నీరు పోతే పురుగు పట్టదు, కుళ్ళదు. ఫ్రిజ్ లేని రోజుల్లో వానాకాలం తిండిని కాపాడింది వేసవి ఎండే.

ఎండను ఆపిన ఇళ్ళు

ఎండ చేత బయట అంత పని చేయించుకున్న మన పెద్దలు, దాన్ని ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు. తాటాకు ఇంటి కప్పు మందంగా ఉంటుంది. ఆకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని కిందికి దిగనివ్వదు. చూరు బాగా కిందికి వాలి ఉంటుంది కాబట్టి మట్టిగోడ మీద ఎండ పడదు. కోస్తాలో మత్స్యకారులు కట్టుకున్న చుట్టిల్లు గుండ్రంగా ఉండటం వల్ల పెనుగాలిని కూడా కొంత తట్టుకునేది.

ఉన్నవాళ్ళు మండువా లోగిలి కట్టుకున్నారు. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, రాత్రి చల్లగాలి కిందికి దిగుతుంది. పెంకుటింట్లో పెంకుకూ గదికీ మధ్య అటక ఉండేది. అటక సామాను పెట్టుకోవడానికే అని నేను అనుకునేవాణ్ణి. నిజానికి పెంకు తాగిన వేడి గదిలోకి రాకుండా అది మధ్యలో గాలి పరుపులా పనిచేస్తుంది. మన వైపు అందరికీ తెలిసిన బంగళా పెంకుకు కూడా చరిత్ర ఉంది. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కణ్ణించే ఆ రకం పెంకు దేశమంతా పాకింది.

అయితే పాతదంతా మంచిదే అనడం సరికాదు. తాటాకు కప్పుకు నిప్పురవ్వ తగిలితే వీధి వీధంతా బుగ్గయ్యేది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమనూ మన యానాంనూ ముంచేసింది. ఎన్నో పాకలు లేచిపోయాయి. ఆ రాత్రి సంగతి ఎవరినడిగినా ఇప్పటికీ చెబుతారు. అందుకే స్లాబు ఇల్లు వచ్చినప్పుడు జనం పండగ చేసుకున్నారు. మా మామ్మ కూడా "స్లాబు మమ్మల్ని బతికించింది, దాన్ని తిట్టకు" అంటుంది. కాబట్టి తిరిగి తాటాకింటికి పోదాం అని నేను చెప్పడం లేదు.

స్లాబు ఎందుకు కాలుతుంది?

వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే ఎండ బలం సుమారు 1000 వాట్లు. అంటే ఒక ఇస్త్రీపెట్టె అనుకోండి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న డాబా అంటే 37 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం దాని మీద 37 ఇస్త్రీపెట్టెలు పెట్టినట్టే! పైగా మన యానాం భూమధ్యరేఖకు ఉత్తరంగా 16 డిగ్రీల దాటాక ఉంది. అందువల్ల మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు ఎండ గోడల కంటే ఎక్కువగా పైకప్పు మీదే పడుతుంది. నల్లబడిన సిమెంటు ఆ వేడిని పగలంతా తాగి, నెమ్మదిగా కిందికి దింపి, సాయంత్రం నుంచీ రాత్రంతా గదిలోకి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి మా మామ్మకు తగిలింది మధ్యాహ్నపు ఎండే.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. 2015 మే నెల వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఏసీ కొనుక్కోగలిగినవాళ్ళు తక్కువ. కొన్నా, అది గదిలో వేడిని తీసి వీధిలో పోస్తుంది. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది.

పుదుచ్చేరిలో ఒక గోల్కొండ

మరి సిమెంటు ఇల్లు చల్లగా ఉండదా? ఉంటుంది. సాక్ష్యం మన పుదుచ్చేరిలోనే ఉంది. అక్కడ అరవిందాశ్రమం వారి వసతి భవనం ఒకటి ఉంది. దాని పేరు గోల్కొండ. ఆ పేరు ఎందుకంటే, కట్టడానికి డబ్బు హైదరాబాదు నుంచి వచ్చింది. నిజాం సంస్థానంలో ప్రధానమంత్రిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ ఆ సాయం ఇప్పించారు. అందుకే తెలుగు నేల మీది కోట పేరు ఫ్రెంచివాళ్ళ ఊళ్ళోని భవనానికి పెట్టారు. గీసింది టోక్యోలో ఆఫీసు ఉన్న ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు. దగ్గరుండి కట్టించినవారిలో జార్జ్ నకాషిమా, ఫ్రాంటిషెక్ సామర్ ముఖ్యులు. 1937లో పని మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో సామాన్లు దొరక్క కష్టపడుతూ, 1940 తరువాతి ఏళ్ళలో పూర్తి చేశారు. మన దేశంలో మొదటి ఆధునిక కాంక్రీటు భవనాల్లో అదొకటి.

ఆ భవనం పొడుగు వైపులు ఉత్తరానికీ దక్షిణానికీ చూస్తాయి. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పడే తూర్పు పడమర వైపులు చిన్నవి. పొడుగు వైపుల్లో మామూలు గోడకు బదులు అడ్డంగా పేర్చిన సిమెంటు రెక్కలు ఉంటాయి. వాటిని తిప్పితే తెరుచుకుంటాయి, వాన వస్తే మూసుకుంటాయి. గాలి వస్తుంది, ఎండ రాదు. గదుల తలుపులు సందులున్న టేకు పలకలతో చేసినవి కాబట్టి తలుపు వేసుకున్నా గాలి ఆగదు. చుట్టూ తోట ఉంది. పైకప్పు రెండు పొరలు: కింద స్లాబు, దాని పైన వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యలో గాలి. ఇది చదివినప్పుడు నాకు వెంటనే మా మామ్మ వాళ్ళ పుట్టింటి అటక గుర్తొచ్చింది. అటక చేసిన పనే ఆ పైకప్పు చేస్తోంది! ఏసీ లేకుండా ఆ భవనంలో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు. అంటే తప్పు సిమెంటుది కాదు, మనం కట్టే తీరుది.

ఎండతో వంట

ఎండను ఇంటి బయట ఆపడం సగం పని. ఆపిన ఎండ చేత పని చేయించుకోవడం మిగతా సగం. 1767లో జెనీవాలో సస్యూర్ అనే శాస్త్రవేత్త అద్దాల పెట్టెలో ఎండను బంధించి, నీళ్ళు మరిగేదానికంటే ఎక్కువ వేడి పుట్టించాడు. తరువాత ఫ్రాన్సులో ఒగుస్త్ మూషో అనే లెక్కల మాస్టారు పెద్ద అద్దపు గరాటుతో ఆవిరి యంత్రం నడిపాడు. 1878 పారిస్ ప్రదర్శనలో ఎండ వేడితో ఐసు తయారు చేసి చూపించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. కానీ బొగ్గు చవకైపోయింది, ప్రభుత్వం డబ్బు ఆపేసింది, యంత్రం మూలపడింది. అదే 1878లో మన దేశంలో, బొంబాయిలో ఉద్యోగం చేసే విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషాయన ఎండ వేడి గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆయన అద్దాల పొయ్యి మీద ఏడుగురు సైనికుల భోజనం రెండు గంటల్లో ఉడికిందట. అదీ జనవరి చలికాలంలో!

ఆయన కల మన తెలుగు నేల మీద పెద్ద ఎత్తున నిజమైంది. 2002లో తిరుమలలో అన్నప్రసాదం వండే వంటశాల మీద 106 పెద్ద అద్దాల పళ్ళేలు అమర్చారు. అవి పొద్దుతిరుగుడు పువ్వులా సూర్యుడితో పాటు తిరుగుతూ, ఎండను ఒక్కచోటికి తెచ్చి నీటిని ఆవిరి చేసేలా తయారైనవి. ఆ ఆవిరి గొట్టాల్లో వంటింట్లోకి వెళ్ళి అన్నం, పప్పు, సాంబారు ఉడికించేలా ఏర్పాటు చేశారు. రోజుకు 4000 కిలోల ఆవిరి, 15,000 మందికి భోజనం అన్న లెక్కతో దాన్ని కట్టారు. మబ్బు పట్టిన రోజు కోసం పాత డీజిలు బాయిలరును ఉంచుకున్నారు. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో కూడా సామూహిక వంటశాల డాబా మీద 15 మీటర్ల వెడల్పున్న అద్దాల గిన్నె ఉంది. అక్కడ గిన్నె కదలదు, ఆవిరి గొట్టం మాత్రం సూర్యుణ్ణి బట్టి జరుగుతుంది.

వాళ్ళ ఎండ మన ఎండ కంటే గొప్పదేమీ కాదు. తేడా వాడుకోవడంలోనే ఉంది.

మనం చేయగలిగినవి

హైదరాబాదులో 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం డాబా మీద తోట, మధ్యలో మండువా లాంటి ఖాళీ, గాలిని చల్లబరిచే గోపురాలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. డాబాలకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయాలన్నది అందులో ముఖ్యమైన మాట.

ఇవి చదివాక మా ఇంట్లో నాన్నను ఒప్పించాను. ఈ వేసవికి ముందు డాబా మీద నాచు గీకి, రెండు సార్లు చిక్కగా సున్నం వేశాం. ఖర్చు ఎక్కువేమీ కాలేదు. పడమటి గోడ వైపు పందిరి వేసి ఆనపపాదు పాకించాం. మధ్యాహ్నం మా డాబా మీద చెయ్యి పెట్టి, తరువాత సున్నం వేయని పక్కింటి డాబా మీద పెట్టి చూశాను. తేడా అరచేతికే తెలిసింది. ఒకదాని మీద చెయ్యి ఉంచగలిగాను, రెండోదాని మీద ఉంచలేకపోయాను. గది ఊటీ అయిపోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఈ మే నెలలో కరెంటు పోయిన రాత్రి మామ్మ లోపలే పడుకుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళకు నా మనవి ఇది. పెద్ద కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ పెట్టించండి. కిటికీ మీద సన్‌షేడు పొడుగ్గా వేయించండి. పడమట ఒక వేపచెట్టు నాటండి. మన బడిలో సైన్సు తరగతిలో అట్టపెట్టె, అద్దం, నల్లరంగు వేసిన గిన్నెతో ఎండ పొయ్యి చేద్దాం. ఆడమ్స్‌కు జనవరిలో ఉడికిన అన్నం మనకు ఏప్రిల్‌లో ఉడకదా?

మొన్న డాబా మీద ఒడియాలు పెడుతూ మామ్మ అంది: "ఎండ మంచి పనివాడే. కాకపోతే పనివాడికి పని బయట చూపించాలి, పడకగదిలో కాదు." ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే బాగా నేను చెప్పలేను.